వియత్నాం వాళ్ల ‘లాప్ న్గోన్’: మనిషి పోయాక కూడా రాత నిలవడం గురించి

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. మా టీమ్‌లో వియత్నాం నుంచి వచ్చినాయన ఒకరున్నారు. సొంతూరు హనోయ్ దగ్గర. వాళ్ల నాన్నగారు రిటైరైన దగ్గర్నుంచి ఊళ్లో పెద్దవాళ్లను అడిగి తెలుసుకుంటూ వంశ చరిత్ర రాస్తున్నారట. ఆ కబుర్లలోనే ‘లాప్ న్గోన్’ అనే మాట దొర్లింది. మనిషి పోయినా చెరిగిపోకుండా ఉండటానికి వాళ్ల పాత చదువుల్లో మూడు దారులు చెప్పారట. లాప్ డుక్ అంటే నలుగురికీ ఆదర్శంగా ధర్మంగా బతకడం. లాప్ కోంగ్ అంటే దేశానికీ జనానికీ పనికొచ్చే ఘనకార్యం చేయడం. లాప్ న్గోన్ అంటే రాబోయే తరాలు ఆధారంగా పట్టుకునే ఆలోచనను రాసిపెట్టి వెళ్లడం. మూడూ కలిపితే ‘తామ్ బాత్ హూ’, అంటే చెడిపోనివి మూడు.

నాకు రెండు సందేహాలు. రాతను మూడో మెట్టు మీద ఎందుకు పెట్టారు? వియత్నాం చరిత్రలో నిజంగా ఇలా నిలిచినవాళ్లు ఎవరు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి, పొడుగైనా పర్వాలేదు.

చరిత్రపిచ్చి:

మంచి టాపిక్ ఎత్తారు. ఈ మాట పుట్టిల్లు చైనా. ‘జువో జువాన్’ అనే పాత చరిత్ర గ్రంథంలో క్రీస్తుపూర్వం 549 నాటి సంభాషణ ఒకటుంది. జిన్ రాజ్యపు మంత్రి ఫాన్ షువాన్‌జీ, లూ రాజ్యం నుంచి వచ్చిన ము షును అడుగుతాడు: “చచ్చినా చెడిపోకుండా ఉండటమంటే ఏమిటి?” జవాబు వచ్చేలోపే తన వంశం గురించి చెప్పుకుంటాడు. పురాణకాలం నుంచీ తెగకుండా వస్తున్న గొప్ప ఇల్లు మాది, అదేనా ఆ మాటకు అర్థం అంటాడు. ము షు కాదంటాడు. దాన్ని తరతరాల జీతభత్యం అంటారు, అలాంటి ఇల్లు లేని రాజ్యమే లేదంటాడు. మా లూ రాజ్యంలో జాంగ్ వెన్‌జోంగ్ అనే మంత్రి ఉండేవాడు, ఆయన పోయినా ఆయన మాటలు నిలిచే ఉన్నాయి, అదీ చెడిపోకపోవడమంటే అని చెప్పి, అప్పుడు ఈ మూడు మెట్లూ వరసగా చెబుతాడు.

ఎంత గొప్ప వంశంలో పుట్టినా అది లెక్కలోకి రాదని ఒక పెద్ద మంత్రి మొహం మీదే చెప్పాడు చూశారా, నాకు అది చాలా నచ్చుతుంది.

వియత్నాంకు ఇది పరీక్షల చదువుతో పాటు వచ్చింది. అక్కడ అధికారులను ఎంచుకోవడానికి 1075లో మొదలైన రాజ్య పరీక్షలు 1919 దాకా నడిచాయి. ఎనిమిది వందల ఏళ్లకు పైగా చదువుకున్నవాడల్లా ఈ గ్రంథాల మీదే పెరిగాడు కాబట్టి ఈ మూడు మెట్లు వాళ్లకు కొట్టిన పిండి.

మూడో మెట్టు ఎందుకంటే, ధర్మం, పని ముందు ఉండాలి, రాత వాటి తర్వాతే అని వాళ్ల లెక్క. కానీ అసలు జరిగింది చూడండి. మొదటి రెండూ చేసినవాళ్ల సంగతి మనకు తెలిసిందే ఎవరో రాసిపెట్టబట్టి.

సింధూర_హనోయ్:

నేను కొన్నేళ్లుగా హనోయ్‌లోనే ఉంటున్నానండీ. ఇక్కడ ఈ మాట ఎత్తితే చదువుకున్నవాళ్ల నోట ముందుగా వచ్చే పేరు న్గుయెన్ త్రాయ్. ఆయన కథ పూర్తిగా చెబుతాను. లాప్ న్గోన్ ఎంత కష్టమో ఈ ఒక్క జీవితంలో తెలిసిపోతుంది.

1380లో పుట్టారు. 1407లో మింగ్ చైనా దేశాన్ని ఆక్రమించింది, తండ్రిని బందీగా చైనాకు పట్టుకుపోయారు. త్రాయ్ వెళ్లి తిరుగుబాటు నాయకుడు లే లోయ్ పక్కన చేరారు. ఆయన చేతిలో ఉన్న ఆయుధం కలం. కోటల్లో ఉన్న మింగ్ సేనాధిపతులకు లే లోయ్ తరఫున వరసగా ఉత్తరాలు రాశారు. మీకు సాయం రాదు, తిండి అయిపోయింది, లొంగిపోతే ప్రాణాలతో ఇంటికి పంపిస్తాం అని ఒక్కొక్కరికీ వాళ్ల పరిస్థితిని బట్టి నచ్చజెప్పే ఉత్తరాలవి. 1427 చివర్లో మింగ్ సేనాని వాంగ్ తోంగ్ సంధికి ఒప్పుకుని సైన్యాన్ని వెనక్కి తీసుకెళ్లాడు. 1428లో గెలుపును చాటుతూ రాజు పేరు మీద విడుదలైన ప్రకటన కూడా త్రాయ్ రాసిందే. మా దేశానికి సొంత నాగరికత ఉంది, కొండలకూ నదులకూ హద్దులున్నాయి, ఆచారాలు వేరు అని మొదలవుతుంది. ఇక్కడి పిల్లలు ఈ రోజుకీ స్కూల్లో చదువుతారు.

ఇక 1442. ఇరవై ఏళ్ల యువ రాజు లే థాయ్ తోంగ్, కోన్ సన్ ప్రాంతంలో త్రాయ్‌ను చూసి తిరిగి వెళ్తూ దారిలో లిచీ తోటలో రాత్రి మకాం చేసి, అక్కడే హఠాత్తుగా చనిపోయాడు. పక్కన ఉన్నది త్రాయ్ భార్య న్గుయెన్ థీ లో. ఆమె అంతఃపురంలో స్త్రీలకు చదువు చెప్పే విదుషి. నేరం ఆమె మీద పడింది. త్రాయ్‌కు మూడు వంశాల శిక్ష వేశారు. అంటే ఆయనతో పాటు బంధువర్గాన్నంతా చంపేయడం. ఆయన రాతలు ఇంట్లో పెట్టుకోవడానికి కూడా జనం భయపడే రోజులవి. రాసినవి ఎక్కడికక్కడ చెల్లాచెదురైపోయాయి.

చనిపోయిన రాజు కొడుకే లే థాన్ తోంగ్. ఆయనే 1464లో త్రాయ్ నిర్దోషి అని ప్రకటించాడు. 1467లో ఆయన రచనలు వెతికించమని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ పని త్రాన్ ఖాక్ కియెమ్ అనే పండితుడు నెత్తిన వేసుకున్నాడు. ఆయన పుస్తకానికి ముందుమాట రాసింది 1480లో! అన్నేళ్లు తిరిగితే చైనా భాషలో రాసిన పద్యాలు నూటికి కాస్త పైన దొరికాయి.

అదీ మళ్లీ చెదిరిపోయింది. నాలుగు వందల ఏళ్ల తర్వాత, త్రాయ్ సొంతూరు న్హీ ఖేలోనే పుట్టిన జువోంగ్ బా కుంగ్ అనే పండితుడు ఏళ్ల తరబడి వెతికి చేర్చిన సంపుటం 1868లో అచ్చయింది. త్రాయ్ సొంత భాషలో, నోమ్ లిపిలో (చైనా అక్షరాల తీరులో వియత్నాం మాటలు రాసే పాత లిపి) రాసిన 254 పద్యాలు అందులోనే మనకు దక్కాయి. ఈ రోజు మిగిలి ఉన్న నోమ్ పద్య సంపుటాల్లో అదే అన్నింటికన్నా పాతది. ఊరిమీద అభిమానంతో ఒక మనిషి పూనుకోకపోతే వియత్నాం భాషా కవిత్వానికి మొదటి మెట్టే ఉండేది కాదు.

నా మటుకు నాకు లాప్ న్గోన్ అంటే త్రాయ్ ఒక్కరిదే కాదు. ఖాక్ కియెమ్‌కూ బా కుంగ్‌కూ అందులో వాటా ఉంది.

మేడ్చల్_రవి:

సింధూర గారూ, చదువుతుంటే ఒళ్లు గగుర్పొడిచింది. కానీ ఒక మాట అడగనివ్వండి. రాజు మనసు మారింది కాబట్టి రచనలు బయటపడ్డాయి. మారకపోతే? అప్పుడు ఇది అదృష్టం అవుతుంది కానీ సాధన ఎలా అవుతుంది?

ఇంకోటి. హనోయ్‌లో సాహిత్య దేవాలయం అంటారు కదా, వాన్ మియెవ్, అక్కడ తాబేళ్ల మీద నిలబెట్టిన రాతి పలకలున్నాయి. పరీక్ష పాసైనవాళ్ల పేర్లు చెక్కి పెట్టారు. అంత ఖర్చు పెట్టి రాతి మీద చెక్కించారంటే అదే కదా అసలైన శాశ్వతత్వం?

చరిత్రపిచ్చి:

రవి గారూ, ఆ పలకలు 82. 1442 నుంచి 1779 దాకా జరిగిన పరీక్షలవి. మొదటి విడత 1484లో లే థాన్ తోంగే పెట్టించాడు. 1300కు పైగా పేర్లున్నాయి. పరీక్షలకు ముందు పిల్లలు తాబేలు తల నిమిరి దండం పెట్టుకునేవాళ్లు. రాయి అరిగిపోతోందని తర్వాత చుట్టూ కంచె వేశారు. యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో కూడా చేరాయి.

కానీ అందులో చాలామందిది ఉత్త పేరే. ఊరు, ర్యాంకు, అంతవరకే. ము షు చెప్పినదానికి అది సరిపోదు. పేరు మిగలడం వేరు, పనికొచ్చే మాట మిగలడం వేరు.

ఆ పలకల్లో అన్నింటికన్నా పాత పరీక్ష 1442ది కదా, దాని పలకనే తీసుకోండి. ఆ ఏడు జవాబు పత్రాలు చూసినవాళ్లలో న్గుయెన్ త్రాయ్ ఉన్నారు. వసంతంలో ఆయన పరీక్షకులు, అదే ఏడు శరదృతువులో తల తీశారు. ఆ పరీక్షలో పాసైనవాళ్లలో న్గో సీ లియెన్ ఒకడు. 1479లో దేశ చరిత్రను ఆదినుంచీ కూర్చి రాజుకు సమర్పించింది ఆయనే. వియత్నాం మధ్యయుగాల గురించి ఎవరేం రాసినా ఈ రోజుకీ ముందు ఆ పుస్తకమే తెరవాలి. అదే పలక మీద ఉన్న మిగతావాళ్ల పేర్లు నిపుణులకు తప్ప ఎవరికి తెలుసు?

అదృష్టం సంగతి. సగం నిజమే. కానీ వెతికినవాళ్లు ఎందుకు వెతికారు? వెతకదగ్గ రాత కాబట్టి.

డా. వనజ:

నేను వైద్యురాలిని, కాబట్టి మా వాడి గురించి రాస్తాను. లే హూ త్రాక్. జనం ‘లాన్ ఓంగ్’ అని పిలుస్తారు, అంటే సోమరి ముసలాయన. పదవులంటే సోమరితనం అని ఆయనే పెట్టుకున్న పేరు. 18వ శతాబ్దపు మనిషి, 1791లో పోయారు. సైన్యం వదిలేసి, హా తిన్‌లోని అమ్మ వాళ్ల ఊరు చేరి వైద్యం నేర్చుకున్నారు. తర్వాతి జీవితమంతా ఒక వైద్య మహాగ్రంథం రాయడానికే ధారపోశారు. 28 సంపుటాలు, 66 భాగాలు. పసిపిల్లల జబ్బులు, కాన్పులు, మశూచి, మూలికలు, వంట కూడా ఉంది.

ఆ గ్రంథంలో నన్ను కట్టిపడేసింది ఆయన కేసుల చిట్టా. నయమైన కేసులకు ఒక పుస్తకం, తన చేతిలో చనిపోయిన కేసులకు విడిగా ఇంకో పుస్తకం. రోగి ఎవరు, ఏ మందు వేశాడు, ఎక్కడ చేయి దాటింది అని వివరంగా రాశారు. పేరు కోసం రాసేవాడు రెండో పుస్తకం ఎందుకు రాస్తాడండీ? తన తర్వాత వచ్చే వైద్యుడు అదే చోట కాలు జారకూడదని రాశాడు. గోదారిగట్టు గారికి కానీ ఇంకెవరికైనా కానీ ఇదంతా కీర్తికాంక్షే అనిపిస్తే ఈ ఒక్కటి చూడండి చాలు.

వైద్యులకు నీతి కూడా రాశారు. ఒకేసారి చాలామంది పిలిస్తే ఎవరి జబ్బు ముదిరిందో వాళ్ల దగ్గరికి ముందు వెళ్లు, డబ్బున్నవాడు, పదవి ఉన్నవాడు అని వరస మార్చకు అంటారు. మేం ఎమర్జెన్సీ వార్డులో రోజూ చేసేది, చేయాల్సింది అదే. ఎవరో పెద్దమనిషి ఫోన్ చేయించినప్పుడు ఆ వరస నిలబెట్టడం ఎంత టెన్షనో నాకు తెలుసు.

ఇంత రాసిన మనిషి బతికుండగా ఆ గ్రంథం అచ్చు కాలేదు. చేతిరాత ప్రతులు శిష్యుల ఇళ్లలో ముక్కలు ముక్కలుగా ఉండిపోయాయి. బాక్ నిన్ ప్రాంతంలో ఒక బౌద్ధ ఆలయం పూనుకుని చెక్కలు చెక్కించి అచ్చు వేసింది 1885లో. ఆయన పోయి తొంభై ఏళ్లు దాటాక! సింధూర గారు చెప్పిన వాటా సంగతి ఇక్కడా అంతే.

తాటాకు:

వనజ మేడమ్ చెక్కల మాట ఎత్తారు కాబట్టి నేను ఆగలేను. అచ్చు చెక్కలంటే నాకు ప్రాణం.

పని ఎలా జరుగుతుందంటే, చేతిరాత బాగున్నవాడు పల్చటి కాగితం మీద పేజీ మొత్తం రాస్తాడు. ఆ కాగితాన్ని బోర్లా తిప్పి చెక్క మీద అంటిస్తారు. అక్షరాలు తిరగేసి కనిపిస్తాయి. చెక్కేవాడు గీత చుట్టూ ఉన్న చెక్కను తొలిచేస్తే అక్షరం ఉబ్బెత్తుగా మిగులుతుంది. దాని మీద సిరా పూసి, దో అనే చెట్టు బెరడుతో చేసిన కాగితం పరిచి, పైనుంచి రుద్దుతారు. అయిపోయింది, ఒక పేజీ. ఒక్క గీత దగ్గర ఉలి జారితే ఆ చోట ముక్క తీసి కొత్త చెక్క బిగించి మళ్లీ చెక్కాలి. హాయ్ జువోంగ్ వైపు ఊళ్లకు ఊళ్లు ఈ పని మీదే బతికాయి. 15వ శతాబ్దంలో లువోంగ్ న్హూ హోక్ అనే అధికారి ఈ విద్య నేర్పాడని అక్కడివాళ్లు ఆయన్ని కులదైవంలా కొలుస్తారు.

ఎక్కువగా వాడింది థీ చెట్టు చెక్క. మనవాళ్లకు ఇది దగ్గరి చుట్టమే. బీడీ ఆకు ఇచ్చే మన తునికి చెట్టు, ఈ థీ చెట్టు ఒకే ప్రజాతి. తెల్లగా, మెత్తగా, పీచు లేకుండా ఉంటుంది, ఎండాక పగలదు.

న్గుయెన్ రాజవంశం తన రాజధాని హుయేలో చెక్కించినవి 34,555 చెక్కలు ఇప్పుడు దా లాత్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. 2009లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాకు ఎక్కాయి. వియత్నాం నుంచి ఆ జాబితాకు ఎక్కిన మొదటివి ఇవే.

ఇంత తాపత్రయం ఎందుకో తెలియాలంటే 1407 వైపు మళ్లీ చూడాలి. మింగ్ చక్రవర్తి యోంగ్లే తన సేనలకు ఇచ్చిన ఆజ్ఞ ఏమిటంటే, అక్కడివాళ్లు రాసిన కాగితం ముక్క కూడా మిగలకూడదు, తగలబెట్టండి, వాళ్లు పాతిన శాసనాలు పగలగొట్టండి. ఆ దెబ్బకు అంతకుముందు పాలించిన లీ, త్రాన్ రాజుల కాలపు పుస్తకాలు ఎన్ని పోయాయో! తర్వాత వచ్చిన పండితులకు ఆ కడుపుకోత చాలాకాలం ఉంది. 18వ శతాబ్దంలో లే కుయ్ డోన్ తన చరిత్ర గ్రంథంలో పాత పుస్తకాల జాబితాకే ఒక భాగం కేటాయించాడు. ఫాన్ హుయ్ చూ పదేళ్లు కూర్చుని 49 భాగాల విజ్ఞాన సర్వస్వం రాసి 1821లో మింగ్ మాంగ్ చక్రవర్తికి సమర్పించాడు. అందులోనూ పుస్తకాల పట్టిక ఒక భాగం. చాలా పుస్తకాలు మనకు ఈ రోజు ఆ పట్టికలో పేరుగానే మిగిలాయి. నన్నడిగితే పోయిన పుస్తకాల పేర్లు రాసిపెట్టడం కూడా లాప్ న్గోనే.

మేడ్చల్_రవి:

రాతను అంతగా నమ్మనివాళ్లు కూడా ఉన్నారు కదా. ఫాన్ బోయ్ చౌ గురించి ఎవరూ రాయలేదు. ఫ్రెంచి వాళ్ల మీద పోరాడిన ఆయన, చైనా కవి యువాన్ మెయ్ పంక్తి ఒకటి ఎప్పుడూ తలుచుకునేవాడట. మనిషి నిలబడటానికి ఉన్న దారుల్లో అన్నింటికన్నా అడుగున ఉన్నది సాహిత్యం అని దాని భావం. దేశం చేయి జారిపోయాక పద్యాలు రాస్తూ కూర్చుంటే ఏం లాభం అని ఆయన బాధ. నాకు అది న్యాయంగానే అనిపిస్తుంది.

చరిత్రపిచ్చి:

న్యాయమే. కానీ ఆయన చేసిన పని చూడండి. 1905లో జపాన్‌లో ఉండగా వియత్నాం దేశం ఎలా పోయిందో చెబుతూ పుస్తకం రాశాడు. చైనా సంస్కర్త లియాంగ్ చిచావో దాన్ని అచ్చు వేయించాడు. ప్రతులు దొంగచాటుగా దేశంలోకి వచ్చాయి. ఎంతో మంది కుర్రాళ్లు చదువులు మానుకుని జపాన్ బయల్దేరారు. ఆయన తలపెట్టిన తిరుగుబాట్లు గెలవలేదు. 1925లో షాంఘైలో పట్టుబడ్డాడు, 1940లో పోయేదాకా హుయేలో ఇంట్లోనే కాపలా మధ్య ఉన్నాడు. అక్కడా రాస్తూనే ఉన్నాడు. చేతులు కట్టేసినా కలం ఆగలేదు కాబట్టే ఈ రోజు మనం ఆయన గురించి మాట్లాడుకుంటున్నాం.

గోదారిగట్టు:

అద్భుతంగా నడుస్తోంది చర్చ, అందరికీ ధన్యవాదాలు. మా కొలీగ్‌కు న్గుయెన్ త్రాయ్ కథ చెబితే ఆశ్చర్యపోయాడు, న్హీ ఖే వాళ్ల అత్తగారి ఊరి పక్కనేనట. ఆయన ఒక ప్రశ్న ఇచ్చాడు: “వీళ్లంతా చదువుకున్నవాళ్లు చదువుకున్నవాళ్ల కోసం రాసినవాళ్లు. మా అమ్మమ్మకు అక్షరం రాదు, కానీ ‘కియెవ్’ కావ్యం అంతా నోటికి వచ్చు. అది ఏ మెట్టు?”

సింధూర_హనోయ్:

ఆ ప్రశ్న వేసినాయనకు నా నమస్కారం చెప్పండి.

న్గుయెన్ జు 1820లో హుయేలో అంటువ్యాధికి పోయాడు. ఆయన రాసిన కియెవ్ కథ 3,254 పంక్తులు. ఆరక్షరాల పంక్తి, ఎనిమిదక్షరాల పంక్తి జంటగా నడిచే ‘లూక్ బాత్’ ఛందస్సు. వియత్నాం తల్లులు జోలపాట పాడేదీ ఆ నడకలోనే. తండ్రిని జైలు నుంచి విడిపించడానికి తనను తాను అమ్ముకున్న అమ్మాయి కథ. చదువురాని ఇళ్లలో కూడా నోటికి వచ్చింది. ఇక్కడ ‘బోయ్ కియెవ్’ అని ఉంది. మనసులో ఒక సందేహం పెట్టుకుని పుస్తకం ఎక్కడో తెరుస్తారు, వేలు పడిన పంక్తుల్లో జవాబు వెతుక్కుంటారు. మా పక్కింటావిడ కొడుకు ఉద్యోగం విషయంలో నా ముందే చూసుకున్నారు. ఆ పంక్తులు రెండుసార్లు పైకి చదివి, సరే ఆ పిల్లాడికి ఫోన్ చేస్తా అని లేచారు.

న్గుయెన్ జుకు మాత్రం తన రాత మీద అంత ధీమా లేదు. షియావోచింగ్ అనే చైనా కవయిత్రి గురించి ఒక పద్యం రాశాడు. సవతి ఆమె పద్యాలను తగలబెడితే కొన్నే మిగిలాయి. అవి చదివి, మూడు వందల ఏళ్ల తర్వాత లోకంలో నాకోసం ఏడ్చేవాళ్లు ఎవరుంటారు అని అడిగాడు.

ఆయన స్వహస్తంతో రాసిన కియెవ్ ప్రతి దొరకలేదు. మనకు తెలిసిన నోమ్ అచ్చు ప్రతుల్లో పాతది 1866 నాటిది. 1875లో త్రువోంగ్ విన్ కీ సైగాన్‌లో దాన్ని ఇప్పటి రోమన్ లిపిలోకి మార్చి అచ్చు వేశాడు. అమ్మమ్మకు నోటికి వచ్చింది మనవరాలు పుస్తకంలో చదవగలిగిందంటే ఆ పని వల్లే. అమ్మమ్మ కూడా తక్కువేం చేయలేదు. చెక్కలు లేనిచోట ఆవిడే చెక్క.

తాటాకు:

లిపి మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఇప్పటి వియత్నాం వాళ్లలో నోమ్ చదవగలిగినవాళ్లు బహు కొద్దిమంది. అంటే పూర్వీకులు చెక్కలు చెక్కి కాపాడినది మనవలు నేరుగా చదవలేరు. హనోయ్‌లో హాన్ (అంటే చైనా అక్షరాలు), నోమ్ లిపుల అధ్యయన సంస్థ ఒకటి దీనికోసమే పనిచేస్తోంది. పాత ప్రతులు సేకరించడం, లిపి మార్చడం, అర్థం రాయడం. ఖాక్ కియెమ్ చేసిన పనే, ఇంకా అవ్వలేదు.

మేడ్చల్_రవి:

వచ్చే చలికాలంలో కుటుంబంతో హనోయ్ వెళ్దామనుకుంటున్నాం. హా లాంగ్ బే ఎలాగూ ఉంది. ఈ చెక్కలు, న్గుయెన్ త్రాయ్ ఊరు చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి సింధూర గారూ? పిల్లలకు విసుగు రాకుండా.

సింధూర_హనోయ్:

దా లాత్ చాలా దూరం, ఈసారికి వదిలేయండి. విన్ న్ఘియెమ్ ఆలయానికి వెళ్లండి. ఇదివరకు బాక్ జాంగ్ రాష్ట్రం, 2025లో రాష్ట్రాలు కలిపాక బాక్ నిన్ కింద ఉంది. కారులో ఒక పూటలో వెళ్లి రావచ్చు. బౌద్ధ గ్రంథాల అచ్చు చెక్కలు మూడు వేలకు పైగా అక్కడే దాచి ఉంచారు. అక్షరాలు తిరగేసి ఉండటం పిల్లలకు భలే సరదాగా ఉంటుంది.

అక్కడి నుంచి కోన్ సన్ వైపు వెళ్లండి. న్గుయెన్ త్రాయ్ పదవులు వదులుకుని ఉన్న కొండ అదే. పైన్ చెట్లు, వాగు, ఆయన గుడి ఉన్నాయి. 2025 జులైలో యెన్ తూ కొండతో పాటు ఈ రెండు చోట్లనూ కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది, కాబట్టి రద్దీ పెరుగుతోంది. ఆదివారం మాత్రం వద్దు. టెట్ పండగ (ఇక్కడి కొత్త సంవత్సరం) దాటిన తర్వాత మొదటి నెలలో కోన్ సన్ తిరునాళ్లు, అప్పుడు కాలు పెట్టడానికి చోటుండదు. న్హీ ఖే హనోయ్‌కి దక్షిణాన పక్కనే ఉంది, ఉదయం వెళ్లి భోజనం వేళకు వచ్చేయొచ్చు. తేదీలు ఖరారయ్యాక మెసేజ్ పెట్టండి, వీలైతే నేనూ వస్తాను.